పెద్దల అప్పగింతలు

ఇంటి పెద్ద ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి? అసలు తప్పుకోవాలా? ఈ ప్రశ్న నేడు అనేక గృహాలలో పెదవి దాటకుండానే నలుగుతోంది. కుమారుడు అడిగితే అవిధేయత అనిపించుకుంటుంది. తండ్రి తనంతట తాను తలచుకుంటే, రేపు తన గతి ఏమిటన్న భయం వెనక్కు లాగుతుంది. ఇద్దరూ మౌనం వహించగా మనసులు దూరమవుతాయి.

మన ధర్మశాస్త్రాలు ఈ ప్రశ్నను ఏనాడో ఎదుర్కొన్నాయి. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అనే నాలుగు ఆశ్రమాలలో మూడవదానికి వేళ ఎప్పుడో మనుస్మృతి ఆరవ అధ్యాయం సూచించింది. ఒంటిమీద ముడుతలు, తల నెరుపు, సంతానానికి సంతానం కలగడం చూసిన గృహస్థుడు వనవాసానికి బయలుదేరాలని దాని తాత్పర్యం. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించండి. ఇన్నేళ్లు నిండాలని లెక్క కట్టలేదు. ఆ గుర్తులను చూడవలసినవాడు కూడా ఆ గృహస్థుడే. వేళ అయిందని ప్రకటించే అధికారం కుమారునికి ఇవ్వకుండా, వేళ తెలుసుకోవలసిన బాధ్యతను తండ్రిమీదనే ఉంచారు.

కనుక పెత్తనం నుంచి పెద్దలు తప్పుకోవలసిందే. అయితే ఆ పని సకాలంలో, స్వహస్తాలతో, పాత బాకీలు మిగలకుండా జరగాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఏమవుతుందో మన ఇతిహాసాలు కళ్లకు కట్టినట్లు చూపాయి.

దశరథ మహారాజునే తీసుకోండి. శ్వేతచ్ఛత్రం నీడలోనే తన శరీరం శిథిలమైందని ఆయన గ్రహించాడు. సభ పిలిచి, రామునికి పట్టం కట్టదలచానని తెలిపి, అందరి సమ్మతి అడిగాడు. తాను ధర్మంగా పాలిస్తుండగా రాముణ్ణి ఎందుకు కోరుతున్నారని ప్రశ్నించి మరీ వారి మనసు తెలుసుకున్నాడు. ఎంత ఉదాత్తమైన నిర్ణయం! అయినా అది శోకాంతమైంది. కారణమేమిటి? పుష్యమీ నక్షత్రమని మరునాటికే ముహూర్తం పెట్టాడు. భరతుడు మేనమామ ఇంట ఉన్నాడు. అతడు ఊళ్లో లేని ఈ సమయంలోనే పని జరగడం మంచిదని రాముణ్ణి పిలిచి చెప్పాడు. అన్నింటికీ మించి, దేవాసుర యుద్ధకాలంలో కైకేయికి ఇచ్చిన రెండు వరాల బాకీ అలాగే ఉండిపోయింది. మంథర రగిల్చింది ఆ పాత నిప్పునే.

ఇందులో మనకున్న పాఠం స్పష్టం. అప్పగించాలన్న సంకల్పం ఎంత మంచిదైనా, ఒక బిడ్డకు చెప్పి మరో బిడ్డకు దాచితే అది శాంతినివ్వదు. కుమార్తెకు ఏనాడో ఇచ్చిన మాట, తమ్మునికి తేల్చని వాటా, నోటిమాటగా మిగిలిన అప్పు, ఇవన్నీ తీర్చిన తరువాతనే తాళపుచెవులు చేతులు మారాలి.

ధృతరాష్ట్రునిది మరో విధమైన దోషం. ఆయన సింహాసనం దిగలేదు, పాలించనూ లేదు. గద్దె తనది, నిర్ణయం దుర్యోధనునిది. విదురుడు వారించినా, అనర్థమని తనకే తోచినా, కొడుకు మాట కాదనలేక ద్యూతానికి అనుమతించాడు. అధికారం ఒకరి పేరున, పెత్తనం మరొకరి చేత ఉంటే, తప్పు జరిగినప్పుడు బాధ్యత వహించేవారు ఎవరూ ఉండరు. ఇంటి లెక్కలన్నీ కొడుకు చేతికి ఇచ్చి, చెక్కుమీద సంతకం మాత్రం తన వద్దే ఉంచుకుని, అడుగడుగునా అడ్డుపడే పెద్దలు ఈ కథను మరొకసారి తలచుకోవాలి.

ఇక ధర్మరాజును చూడండి. భారతయుద్ధం ముగిసిన 36 సంవత్సరాలకు యాదవ వంశం నశించిందన్న వార్త విన్నాడు. తన కాలం ముగిసిందని గ్రహించాడు. పరీక్షిత్తుకు పట్టం కట్టాడు. రాజ్యభారం చూడడానికి యుయుత్సుని, శిష్యునిగా స్వీకరించి విద్య నేర్పడానికి కృపాచార్యుని నియమించాడు. శ్రీకృష్ణాదులకు శ్రాద్ధకర్మలు జరిపాడు. సుభద్రకు చెప్పవలసినది చెప్పాడు. ఆ తరువాతనే తమ్ములతో, ద్రౌపదితో మహాప్రస్థానానికి కదిలాడు. వారసుణ్ణి నిలబెట్టడమే కాక, అతడు తడబడితే పట్టుకునే చేతులను కూడా ఏర్పరచి వెళ్లాడు. అప్పగింత అంటే ఇదీ.

ఇంతవరకూ పెద్దల ధర్మం. మరి చిన్నవారి ధర్మం మాటేమిటి? యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు ధర్మరాజు నీడలో 15 సంవత్సరాలు గడిపాడు. ధర్మరాజు ఆయనను సకల మర్యాదలతో చూసుకున్నాడు. ఆయన మనసు నొప్పించరాదని అందరినీ శాసించాడు. కానీ భీముడు మాత్రం, ఆ పుత్రులను తన బాహువులే మట్టుబెట్టాయని వృద్ధరాజు చెవిన పడేలా పలికేవాడు. అన్నకు ఆ సంగతి తెలియదు. ఆ మాటలే గాంధారీ ధృతరాష్ట్రులను అడవి దారి పట్టించాయి. ఇల్లు, వస్త్రం, భోజనం అన్నీ సమకూర్చినా, చాటున విసిరిన ఒక్క మాట చాలు, పెద్దల ప్రాణం ఆ ఇంట నిలవదు. మీ ఇంట భీముని మాట ఎవరు పలుకుతున్నారో ఒక్కసారి గమనించుకోండి.

“అధికారం వదిలితే వృద్ధాశ్రమమే గతి కదా?” అని పెద్దలు అడుగుతారు. ఈ భయం నిరాధారం కాదు. అందుకే పెత్తనాన్నీ ఆస్తినీ వేరుచేసి చూడాలి. పెత్తనం ముందు ఇవ్వండి. తలదాచుకునే ఇంటిని తొందరపడి రాసివ్వకండి. రాసివ్వవలసి వస్తే, జీవితాంతం పోషించాలన్న షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించండి. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతుమీద ఆస్తి పొందినవారు కనీస అవసరాలు తీర్చకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కుమారునికి రాసిచ్చిన దానపత్రం రద్దును ఈ చట్టం కిందనే సమర్థించి, ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది. షరతు రాయించడం బిడ్డలను అనుమానించడం కాదు. ధర్మానికి సాక్షిని నిలపడం.

మరొక సంగతి. అన్నీ అప్పగించదగినవి కావు. తండ్రి జీవించి ఉండగా, తాతముత్తాతలకు ఆబ్దికం పెట్టే కర్తృత్వం సంప్రదాయం ప్రకారం ఆయనదే. నిత్యపూజలో ఆయన కూర్చునే పీట ఆయనదే. మనుమలకు పురాణకథ చెప్పే చోటు అమ్మమ్మ నాయనమ్మలదే. ఖర్చు లెక్కలు, పెళ్లి పేరంటాల నిర్ణయాలు, పొలం కౌలు, వ్యాపారం కొత్త తరానికి వెళ్లాలి. వరలక్ష్మీ వ్రతానికి కలశం నిలిపే పని ఈ ఏడాది కోడలికి ఇచ్చి, అత్తగారు పక్కన కూర్చుని కథ చదవాలి. కోడలు తప్పు చేస్తే నలుగురిలో దిద్దకుండా, అడిగినప్పుడు చెప్పాలి. నేటి వానప్రస్థానికి అడవులు అవసరం లేదు. అడిగేవరకు ఆగగలగడమే ఒక తపస్సు.

పెళ్లింట అప్పగింతల ఘట్టం మీరందరూ చూసే ఉంటారు. పాలలో తడిపిన బిడ్డ చేతులను అత్తవారి చేతులలో ఉంచేటప్పుడు కన్నవారి కళ్లు చెమరుస్తాయి. అయినా నలుగురి సమక్షంలో, మనస్ఫూర్తిగా అప్పగిస్తారు. అందుకున్నవారు కళ్లలో పెట్టుకుని చూసుకుంటామని మాట ఇస్తారు. ఆ క్షణం నుంచి కన్నవారు కన్నవారు కాకుండా పోరు. ఇంటి పెత్తనాన్ని కూడా ఆ విధంగానే అప్పగించండి. అందుకునే తరం కూడా ఆ విధంగానే మాట ఇవ్వాలి. వచ్చే పండుగకు అందరూ ఒకచోట చేరినప్పుడు ఈ మాట ఎత్తడానికి సంకోచించకండి. దశరథునికి దొరకని వ్యవధి మీకు ఇంకా ఉంది.