వీణ నునుపు, పనివారి ఊపిరి

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారిని, కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారిని మన గోదావరి జిల్లాల వారికి పరిచయం చేయనక్కరలేదు. వీణ వాయించినవారి పేర్లు మనకు తెలుసు. పనసచెక్కను తొలిచి, నునుపుచేసి, మెరుగుపెట్టినవారి ఊపిరితిత్తుల సంగతి మాత్రం ఎవరూ అడగరు. వైద్యుడినైన నాకు ముందుగా తోచే ప్రశ్న అదే.

పనసచెక్కలో కంటికి కనిపించేంత రంధ్రాలుంటాయి. చెట్టు బ్రతికి ఉన్నప్పుడు నీరు పైకి పాకిన గొట్టాలే అవి. వాటిని పూడ్చకుండా లక్క పాలిష్ వేస్తే పైపూతలో సన్నని గుంటలు మిగులుతాయి. అందుకే ముందుగా ఫిల్లర్ పట్టిస్తారు. అది నూనె, ద్రావకాలతో కలిపినది కావచ్చు, నీటితో కలిపినది కావచ్చు. ఏది త్వరగా ఆరుతుంది, ఏది చెక్క రంగులో కలిసిపోతుంది అని కొనేవారు చూస్తారు. అందులో కలిపిన పొడి ఏమిటో చూడమని నా మనవి.

కొన్ని ఫిల్లర్లలో స్ఫటిక సిలికా, అంటే మెత్తగా నూరిన పలుగురాయి, ఉంటుంది. ముద్దగా ఉన్నంతసేపు అది గాలిలోకి లేవదు. ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దినప్పుడే చిక్కు. కంటికి కనిపించని ఆ రేణువులు ఊపిరితిత్తుల అడుగు గదుల దాకా చేరి మచ్చలు కడతాయి. ఈ సిలికోసిస్ సాధారణంగా ఏళ్ల తరబడి పీల్చాక బయటపడుతుంది. నయం చేసే మందు లేదు. పైగా క్షయకు దారి తీస్తుంది. ఇక చెక్కపొడి సరేసరి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దానిని మనిషికి కేన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

కనుక సిలికా కలపని నీటి ఫిల్లరే మేలని నా అభిప్రాయం. వానాకాలపు డెల్టా తేమలో అది ఆలస్యంగా ఆరుతుంది, నీరు తగిలి చెక్కకు నూగు లేస్తుంది అని పనివారు అంటారు. రెండూ నిజమే. ముందే తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును తీసి, పలుచగా ఒక పూత లక్క వేసుకుంటే రెండవ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. మొదటిదానికి ఓపికే మందు! అసలు కిటుకు వేరే ఉంది. మిగులు ముద్దను పూర్తిగా గట్టిపడకముందే అట్టముక్కతో నారకు అడ్డంగా గీకివేస్తే, తరువాత రుద్దవలసింది కొంచెమే. రుద్దడం తగ్గితే పొడీ తగ్గుతుంది. కుండపై పలకకు మరీ పలుచగా పట్టించండి. నాదం పుట్టేది ఆ పలక కంపనంలోనే.

ముక్కుకు చుట్టుకున్న తుండుగుడ్డ ఈ రేణువులను ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు కావాలి. పొడిని ఊదవద్దు, చీపురుతో ఊడ్వవద్దు, తడిగుడ్డతో ఎత్తండి. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూలన పడవేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరవేయండి. తాతలనాటి వీణపై పాత రంగును గోకేటప్పుడు పసిపిల్లలను, గర్భిణులను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, అందులో సీసం ఉండవచ్చు.