మూసిన గదుల తాళాలు తీసే ముందు

ఆషాఢం ముగియబోతోంది. శ్రావణ ముహూర్తాలకు ఫంక్షన్ హాళ్ళు ముస్తాబవుతున్నాయి. గోడలకు రంగులు వేయిస్తున్నారు, జనరేటర్లు సర్వీసు చేయిస్తున్నారు. మంచిదే. మరి నెల రోజులుగా తాళం పడి ఉన్న పైగదుల పైపుల్లో నిలిచిపోయిన నీళ్ళ సంగతి ఎవరైనా చూశారా? ఒక్క హాళ్ళవారికే కాదు, లాడ్జీలు, నర్సింగ్ హోములు, హాస్టళ్ళు, జిమ్ములు, ఆఫీసు భవనాలు నడిపే అందరికీ ఈ మాట చెబుతున్నాం. దయచేసి వినండి.

లీజియోనెల్లా అనే బాక్టీరియా ఉంది. నదుల్లో, చెరువుల్లో కొద్దికొద్దిగా ఉండేదే. 20 నుంచి 45 డిగ్రీల మధ్య కదలకుండా ఉన్న నీళ్ళు దొరికితే విపరీతంగా పెరుగుతుంది. పైపు లోపల పేరుకున్న పాచి, తుప్పు, గార దానికి ఆశ్రయమిస్తాయి. ఆ నీరు సన్నటి తుంపరగా మారి, గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినప్పుడే ప్రధానంగా ముప్పు. షవర్ కావచ్చు, ఏసీ కూలింగ్ టవర్ కావచ్చు, లాబీలో ఫౌంటెన్ కావచ్చు, మండపంలో అతిథుల మీదికి తిప్పే మిస్ట్ ఫ్యాన్ కావచ్చు. వచ్చేది తీవ్రమైన న్యుమోనియా. సోకినవారిలో పదిమందికి ఒకరి దాకా చనిపోతారు. యాభై దాటినవారు, పొగతాగేవారు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ముందు బలవుతారు. పెళ్ళిళ్ళకు వచ్చి మీ గదుల్లో దిగే పెద్దవాళ్ళు ఎక్కువగా వీళ్ళే కదా!

చలిదేశాల్లో పాటించే సూత్రం సులువైనది. చన్నీళ్ళు 20 డిగ్రీల లోపు ఉంచండి, వేణ్ణీళ్ళు 60 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి అంటారు. అందులో మొదటి సగం మన చేతిలో లేదు. డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్ళు ఎండ కాస్తే చాలు, 30 డిగ్రీలు దాటతాయి. మనం చన్నీళ్ళు అనుకునేవే ఆ క్రిమికి కావలసిన వెచ్చదనం. కాబట్టి నీటిని నిలవనివ్వకపోవడం, శుభ్రం, క్లోరిన్, ఈ మూడే మనకు దిక్కు. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు. మున్సిపల్ నీళ్ళలో ఉన్నది కూడా సంపులో రోజుల తరబడి నిలిస్తే తగ్గిపోతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం చెబుతోంది. పంచాయతీ సిబ్బంది వాడే క్లోరోస్కోప్ ఒకటి కొనండి. ట్యాంకు దగ్గర కాదు, అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి దగ్గర పరీక్షించండి. చుక్కలు వేసినా పసుపు రంగు రాలేదంటే అక్కడికి క్లోరిన్ చేరడం లేదన్నమాట.

నెల రోజులు వాడని షవర్ ఒకదాన్ని విప్పించి చూడండి. చిల్లుల చుట్టూ తెల్లటి గార, లోపల వేలికి జారే గోధుమరంగు పాచి. ముందు దాన్ని కడిగించాలి. ఆ తర్వాత షవర్ బిగించకుండా పైపు నుంచి నేరుగా బకెట్లోకి, తుంపర లేవకుండా, కనీసం ఐదు నిమిషాలు నీళ్ళు వదలాలి. కిటికీలు తెరిచి ఉండాలి. ఆ పని చేసే కుర్రాడికి ఎన్95 మాస్కు ఇవ్వండి, అతని ఊపిరితిత్తులూ మన బాధ్యతే. ఇకమీదట ఖాళీ గదుల్లోనూ వారానికోసారి నీళ్ళు వదలాలి. కుళాయి తీసేసి డమ్మీ బిగించిన పైపు ముక్కలుంటే ప్లంబర్‌తో మొదలుకంటా కోయించండి. కరెంటు ఆదా కోసం గీజర్‌ను 45 దగ్గర పెట్టకండి. మబ్బు రోజుల్లో సోలార్ హీటరు నీళ్ళు గోరువెచ్చగానే మిగులుతాయి, హీటింగ్ కాయిల్ ఉంటే వేయించండి. 60 డిగ్రీల నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి కాబట్టి పిల్లలు, ముసలివాళ్ళు వాడేచోట మిక్సర్ తప్పనిసరి.

మన దగ్గర ఇవన్నీ జరుగుతాయా అనుకోవద్దు. 1999లో నెదర్లాండ్స్‌లోని ఒక పూల ప్రదర్శనలో, అమ్మకానికి నడిపి చూపించిన నీటితొట్టె పక్కగా నడిచి వెళ్ళినవారు జబ్బుపడ్డారు. కనీసం 32 మంది చనిపోయారు. 2020లో అమెరికా అంటువ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ, లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉన్న తన అద్దె భవనాల్లోనే ఈ క్రిమి కనబడి కొన్నిటిని మూసుకోవలసి వచ్చింది.

అన్నిటికంటే బాధపెట్టేది 2002లో ఇంగ్లండ్‌లోని బారో పట్టణంలో జరిగింది. అక్కడి కౌన్సిల్ వారి కళాకేంద్రం ఏసీ నుంచి వచ్చిన తుంపర పక్క సందులోకి కొట్టేది. ఆ దారిన పోయేవారు పీల్చారు. 170 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు పోయారు. కారణం వెతికితే తేలింది ఇదీ: నీటిని శుద్ధి చేసే పని మెయింటెనెన్స్ కాంట్రాక్టులోంచి జారిపోయింది. ఎవరో చూసుకుంటున్నారని అందరూ అనుకున్నారు. కౌన్సిల్‌కూ, సంబంధిత అధికారికీ కోర్టు జరిమానా వేసింది.

మీ ఏసీ కాంట్రాక్టు కాగితం తీసి చదవండి. కూలింగ్ టవర్ నీటి శుద్ధి అందులో రాసి ఉందా? లేకపోతే వెంటనే రాయించండి.

బస చేసే అతిథులకూ ఒక మాట. ఊరెళ్ళి వచ్చిన రెండు నుంచి పది రోజుల్లోపు, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగానైనా, అధిక జ్వరం, పొడి దగ్గు, ఆయాసం, విరేచనాలు, మాటల్లో తికమక కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఎక్కడ దిగారో డాక్టరుకు చెప్పండి. అమాక్సిసిలిన్ లాంటి మందులు దీని మీద పనిచేయవు. మూత్ర పరీక్షతో పట్టుకుని సరైన యాంటీబయాటిక్ ఇస్తే చాలామంది బతుకుతారు.

యజమానులకు చివరిగా ఒక విన్నపం. మీ భవనంలో నీటికి జవాబుదారీగా ఒక మనిషిని పేరుపెట్టి నియమించండి. ఏ కుళాయి ఎప్పుడు తిప్పారు, క్లోరిన్ ఎంత ఉంది, ట్యాంకు ఎప్పుడు కడిగారు అన్నీ ఒక రిజిస్టరులో తేదీ వేసి రాయించండి. నెలకోసారి ఆ రిజిస్టరు మీరే తెరిచి, మీరే సంతకం పెట్టండి.