సీడీ మీద చోటు లేదంట!



ఏప్రిల్ 14కి పాటల సీడీ వేస్తున్నామని, లేబుల్ డిజైన్ చూడమని మీలో కొందరు పంపారు. చూశాను. సరిగ్గా నడుమ బాబాసాహెబ్ ముఖం. సీడీకి నడుమ చిల్లు ఉంటుందన్న సంగతే మర్చిపోయారు. అది అలాగే అచ్చయితే చిల్లు పడేది ఆయన ముఖానికే. పైన చందా ఇచ్చిన పెద్దమనిషి ఫొటో, కింద సంఘం పేరు. మరి పాడినవాళ్లు? "గానం: బృందం". ఇదేంటని అడిగితే "అన్నా, చోటు లేదు" అన్నారు.

ఈ మాట మనకు కొత్తా? ఊరి చెరువు దగ్గర చోటు లేదు. గుడిలో చోటు లేదు. కులం అడిగాక టౌనులో అద్దెకు చోటు లేదు. ఇప్పుడు మన పాట మీద మన పేరుకి మనమే చోటు లేదంటున్నాం!

మిమ్మల్ని తిట్టే ముందు నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా పేటలో మేమూ సీడీ వేశాం. కారంచేడు మీద సొంతంగా పాట కట్టి పాడిన అమ్మ ఒకామె అందులో ఉంది. డిజైన్ పట్టుకుని షాపుకి తిరిగింది నేనే. సీడీ చేతికిస్తే "నా పేరు ఏదిరా అయ్యా?" అంది. ఆమెకి చదువు రాదు. నేను "బృందం" మీద వేలు పెట్టి "ఇదేనమ్మా" అన్నాను. ఆమె కొంగుతో తుడిచి దాచుకుంది. ఆ అబద్ధం ఇవాళ్టికీ నా వేలికి అంటుకునే ఉంది.

చోటు లెక్క చూద్దాం రండి. సీడీ అడ్డకొలత 120 మిల్లీమీటర్లు. నడుమ చిల్లు 15. అంచుకి 5 మిల్లీమీటర్లు లోపలికి జరిగి, చుట్టూ గుండ్రంగా ఒక్క వరుస రాస్తే దాని పొడవు 34 సెంటీమీటర్ల పైమాటే. బడి పిల్లల స్కేలు 30. స్కేలు కంటే పొడుగున్న వరుసలో ఎనిమిది మంది పేర్లు పట్టవా? లేనిది చోటు కాదు, మనసు.

"కవరు మీద వేశాం కదా" అనకండి. కవరు చిరిగిపోద్ది. చేతులు మారేది సీడీయే.

చట్టమూ చూడండి. 1957 కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డింగ్ చేయించినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం రికార్డు మీదా, కవరు మీదా ఉండాలి. డబ్బు పెట్టినవాడి అడ్రస్ దాకా అడిగిన ఆ సెక్షన్ గొంతు ఎవరిదని అడగలేదు. "పాడింది నేనే" అని గుర్తింపు కోరే హక్కు పాడినవాళ్లకు 2012 సవరణలో, 38బి సెక్షన్‌తో గానీ రాలేదు. చట్టానికే అంత ఆలస్యమైంది. మనం ఇంకా వెనకే ఉన్నాం. మన వాడల్లో పుట్టిన పాటకి "జానపదం" అని రాసి పేరు మింగేసేవాళ్లని తిడతాం. మనం రాసే "బృందం" దానికి తోబుట్టువు కాదా?

"ఇప్పుడు సీడీలు ఎవరు వింటారన్నా?" అంటారా? రేపు యూట్యూబ్‌లో పాట పెట్టేవాడు ఈ లేబుల్ చూసే పేర్లు రాస్తాడు. ఇక్కడ పోయిన పేరు అక్కడా పోయినట్టే.

ఇక పని. సీడీ వేసేవాళ్ల దగ్గర కొలతల నమూనా అడిగి తీసుకోండి. బాబాసాహెబ్‌ని చిల్లుకి ఒక పక్కకి జరపండి. బొమ్మ కింద తెల్ల రంగు పూత అడగండి, లేకపోతే సీడీ వెండి మెరుపు పైకి కొట్టి ముఖం మసకబారుద్ది. పేర్లు మరీ చిన్నగా పెడితే ఒత్తులు పూడిపోతాయి, జాగ్రత్త. చోటు చాలకపోతే చందాదారు ఫొటో తీసేయండి. ఆయన నిజంగా మనోడైతే ఏమీ అనుకోడు.

చివరిగా ఒకటి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి గీతలైపోద్ది. అందుకే పంపేముందు అక్షరాలను కర్వ్స్ చేస్తారు. ఆ తర్వాత అవి అక్షరాలు కావు, బొమ్మలు. తప్పు దిద్దాలంటే మళ్లీ మొదటికి రావాలి. కాబట్టి కర్వ్స్ చేయకముందే ఒక ప్రింటు తీసి, పాడిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించండి. "నా పేరు ఏది?" అని ఆ అమ్మ అడిగితే, మీరు వేలు పెట్టినచోట ఆమె పేరే ఉండాలి.

జై భీమ్!