పేటెంటు కమిషనరు న్యాయపీఠ మెక్కినప్పుడు

కనిపెట్టదగిన దంతయు కనిపెట్టబడినది గనుక ఇక పేటెంటు కార్యాలయమును మూసివేయవచ్చునని 1899లో అమెరికా పేటెంటు కమిషనరు తన ప్రభుత్వమునకు వ్రాసెనను కథను మన వ్యక్తిత్వవికాసోపన్యాసకులు ఎంత యుత్సాహముతో చెప్పుదురో సభలకు పోవువారందరును ఎరుగుదురు. ముందుచూపు లేని అధికారి యెట్లుండునో చూపుటకు అంతకంటె అనుకూలమైన కథ దొరకదు. ఆ యనుకూలతయే దాని దీర్ఘాయువునకు కారణము. ఆ కమిషనరు పేరు చార్లెస్ హాలండ్ డ్యూయెల్. ఆయన అట్టి మాట వ్రాసినట్లు చూపు కాగిత మొక్కటియు లేదు.

పని లేక పేటెంటు అధికారి యొకడు ఉద్యోగము విడిచిపోయెనను కథ డ్యూయెల్ పేరుతో ముడిపడక మునుపే ప్రచారములో నుండెను. 1940లో ఎబర్ జెఫ్రీ యను పరిశోధకుడు దాని మూలమును వెదకి, ఆధార మెందును కానరాక, 1843 నాటి కమిషనరు హెన్రీ ఎల్స్‌వర్త్ నివేదికలోని ఒక అలంకారప్రాయమైన వాక్యము నుండి అది పుట్టియుండునని ఊహించెను. ఏటేట శిల్పముల యభివృద్ధిని చూడగా మానవప్రగతికి అవధి యేర్పడు కాలము సమీపించుచున్నదా యనిపించుచున్నదని ఎల్స్‌వర్త్ ఆశ్చర్యముతో వ్రాసెను గాని, అదే నివేదికలో ముందుముందు పెరుగబోవు పనిని గూర్చియు వ్రాసెను. ఇక డ్యూయెల్ మాటకు వత్తము. 1837లో 400 పైచిలుకు మాత్రమే యున్న పేటెంట్ల సంఖ్య 1899 నాటికి 25 వేలు దాటినదని తన నివేదికలో సగర్వముగా చూపి, ఆవిష్కర్తలకు తోడ్పడునట్లు పేటెంటు విధానమును చక్కదిద్దవలసినదని కాంగ్రెసును అర్థించినవాడు ఆయన. 1902లోనైతే, ఆ శతాబ్దమున రానున్న వింతల ముందు గతించినవన్నియు వెలవెలబోవుననియు, వానిని చూచుటకై జీవితమును మరల మొదటినుండి గడపిన బాగుండునని తోచుచున్నదనియు చెప్పెను. ఇట్టివానిని భవిష్యద్దర్శనము లేని మూఢునిగా వేదికలపై నిలబెట్టుట అన్యాయమే గాక, ఆయన జీవితములో నిజముగా తెలిసికొనదగిన దానిని మరుగుపరచుట కూడ నగును.

డ్యూయెల్ 1850లో న్యూయార్కు రాష్ట్రములోని కోర్ట్‌లాండులో జన్మించెను. తండ్రి రాబర్ట్ హాలండ్ డ్యూయెల్ కాంగ్రెసు సభ్యుడు. 1875 మొదలు 1877 వరకు ఆయనయు పేటెంటు కమిషనరే. కుమారుడు హామిల్టన్ కళాశాలలో చదివి, న్యాయవాది యై, రాష్ట్ర శాసనసభలో కొంతకాలము కూర్చుండి, 1898లో మెకిన్లీ యధ్యక్షుడుగా నుండగా తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చుండెను. 1901లో దానిని విడిచెను. 1905లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయనను కొలంబియా జిల్లా అప్పీలు న్యాయస్థానమునకు న్యాయమూర్తిగా నియమించెను. మరుసటి యేడే ఆ పదవికిని రాజీనామా యిచ్చి వెడలిపోయెను. 1920లో మరణించెను. తండ్రి పలుకుబడి కొడుకునకు తోడ్పడి యుండదని నేను వాదింపబోను. అమెరికాలో నైనను ఇంటిపేరు ఊరకే పోదు.

అయితే పేటెంటు కార్యాలయపు అధికారి న్యాయమూర్తి యగుట ఒక వృత్తిని విడిచి మరొక వృత్తిలో దుముకుట యని తలచువారు ఆ కార్యాలయములో జరుగు పని యేమో ఎరుగనివారు. ఆ దినములలో అమెరికా చట్టము దరఖాస్తును ముందుగా పెట్టినవానికి గాక, వస్తువును ముందుగా కనిపెట్టినవానికే పేటెంటు నిచ్చెడిది. ఆ పద్ధతి 2013లో గాని మారలేదు. కావున ఒకే యంత్రమునకు ఇద్దరు దరఖాస్తుదారులు వచ్చినచో వారి నడుమ వ్యాజ్యమువంటిదే నడిచెడిది. ఒకడు తేదీ వేసిన నమూనాచిత్రమును తెచ్చును. మరొకడు తన కర్మశాలలోని వడ్రంగిచేత సాక్ష్యము చెప్పించును. ఆలోచన యెవనికి ముందు తట్టినది, దానిని పనిచేయు వస్తువుగా ముందు చేసినవా డెవడు, ముందు తట్టియు వెనుక చేసినవాడు నడుమ శ్రద్ధతో పనిచేసెనా లేక సోమరియై కూర్చుండెనా యని యధికారులు విచారింతురు. సాక్షులను ఎదిరిపక్షపు వకీలు అడ్డుప్రశ్నలు వేయును. అంచెలంచెలుగా విచారణ జరిగి తుదకు కమిషనరు తీర్మానించును. నల్లకోటు లేకున్నను, ఇది తీర్పు చెప్పుట గాక మరేమి?

ఈ ప్రశ్నయే డ్యూయెల్ పేరుతో అమెరికా సుప్రీంకోర్టునకు పోవుట విశేషము. బెర్నార్డిన్, నార్తాల్ అను నిరువురి మధ్య అట్టి వివాదము పుట్టగా డ్యూయెల్‌కు పూర్వమందున్న కమిషనరు బెర్నార్డిన్ పక్షమున తీర్మానించెను. నార్తాల్ అప్పీలు చేయగా కొలంబియా జిల్లా అప్పీలు న్యాయస్థానము కమిషనరు తీర్మానమును త్రోసిపుచ్చి నార్తాల్ పక్షమున తీర్పు చెప్పెను. ఓడిన బెర్నార్డిన్ ఊరకుండక, కమిషనరు కార్యనిర్వాహక శాఖ యధికారి యనియు, ఆయన నిర్ణయమును మార్చు శక్తిని న్యాయస్థానమునకు కాంగ్రెసు ఈయజాలదనియు, గావున పేటెంటు తనకే యిప్పింపవలెననియు వాదించెను. 1899లో ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ ఆ వాదమును నిరాకరించుచు, పేటెంటు నిచ్చుట నీయకుండుట న్యాయనిర్ణయ స్వభావము గల కార్యమే గనుక దానిపై న్యాయస్థానమునకు అప్పీలు పెట్టుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదని తేల్చెను.

ఆ వ్యాజ్యములో డ్యూయెల్ స్థానమును గమనింపుడు. తన కార్యాలయము సర్వస్వతంత్రమైనదని చెప్పుకొనుటకు అంతకంటె మంచి యవకాశము ఏ యధికారికిని చిక్కదు; వాది యాతని పదవికి గొప్పతనమును కట్టబెట్టుటకే వచ్చియుండెను. అయినను కమిషనరు పక్షము న్యాయస్థానపు మాటయే చెల్లునని నిలిచినది. తన శాఖ పూర్వము చేసిన నిర్ణయమును రద్దుచేసిన న్యాయస్థానమునకు తలవంచి, ఆ తలవంచుట సరియైనదేనని సుప్రీంకోర్టుచేత అనిపించుకొని, ఆరేండ్ల తరువాత అదే న్యాయస్థానములో పీఠ మలంకరించిన మనుష్యుని చరిత్రలో వేదికలపై చెప్పదగిన కథ యేదైన నున్నచో అది యిదియే. న్యాయమూర్తిగా ఆయన కాలము రెండేండ్లయినను నిండలేదు గనుక, అందుండి గొప్ప న్యాయసిద్ధాంతము నేదైన వెలికిదీయబూనుట మాత్రము అతిశయోక్తి యగును.

ఇచట ఒక యాక్షేపణ పుట్టును. నిన్నటివరకు పేటెంట్ల నిచ్చినవాడు నేడు పేటెంట్లపై అప్పీళ్లను విచారించినచో పాత కార్యాలయముపై మమకారము పోవునా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన దేశములోనే దీనికి దృష్టాంతము కలదు. రక్తపు క్యాన్సరునకు వాడు గ్లివెక్ మందు విషయమై నోవార్టిస్ కంపెనీ పెట్టిన దరఖాస్తును చెన్నై పేటెంటు కార్యాలయము 2006 జనవరిలో తిరస్కరించెను. కంపెనీ మదరాసు హైకోర్టునకు పోయినప్పుడు ప్రభుత్వపక్షమున ప్రమాణపత్రము దాఖలు చేసిన పేటెంట్ల కంట్రోలరు జనరలే, తరువాత మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డులో సాంకేతిక సభ్యుడయ్యెను. అప్పీలు ఆ బోర్డునకే బదిలీ యయ్యెను. కంపెనీ అభ్యంతరము చెప్పినది. ఆ వివాదము హైకోర్టునుండి సుప్రీంకోర్టు దాక పోయి, మరొక సాంకేతిక సభ్యుని నియమించిన పిదప గాని అప్పీలు తెమలలేదు. బోర్డు తీర్పు 2009 జూనులో వెలువడెను. సుప్రీంకోర్టు తుదితీర్పు 2013 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినది. తుదకు రెంటిలోను కంపెనీయే పరాజయము నొందెను గాని, దాని యభ్యంతరము న్యాయమైనదేనని నా యభిప్రాయము. ఆ యధికారి నీతిని శంకించి ఈ మాట చెప్పుటలేదు. ఒక వివాదములో ప్రమాణము చేసి చెప్పినవాడు అదే వివాదములో తీర్పరి యగుట ఎంత నిష్పక్షపాతికైనను తగదు.

కాని యీ దోషము చూపి, పేటెంటు కార్యాలయమునుండి వచ్చినవారెవ్వరును న్యాయపీఠమున కూర్చుండరాదనుట ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొనుట వంటిది. జర్మనీలో 1961నుండి మ్యూనిక్ నగరమున ఫెడరల్ పేటెంటు న్యాయస్థానము కలదు. అందు న్యాయశాస్త్రము చదివిన న్యాయమూర్తుల సరసనే రసాయన, యంత్ర, విద్యుచ్ఛాస్త్రములు చదివిన సాంకేతిక న్యాయమూర్తులును సమానాధికారముతో కూర్చుందురు. వారిలో పెక్కుమంది పేటెంటు కార్యాలయములో పరీక్షకులుగా ఏండ్లతరబడి పనిచేసినవారే. అయినను ఏ దరఖాస్తు విషయమున తాను కార్యాలయములో నుండగా పాల్గొనెనో, ఆ విషయమున న్యాయమూర్తిగా కూర్చుండరాదని చట్టమే నిషేధించినది. అనుభవమును వాడుకొనుచు పక్షపాతమును తొలగించు మార్గ మింత సులభముగా నుండగా మనము చేసిన దేమనగా, 2021లో అప్పీళ్ల బోర్డునే రద్దుచేసి, దాని పని యంతయు హైకోర్టుల కప్పగించుట.

బోర్డు సభ్యులు లేక నెలలతరబడి మూలబడిన మాట నిజమే. దాని రద్దునకు నేను శోకింపను. ఢిల్లీ, మదరాసు హైకోర్టులు మేధోసంపత్తికి ప్రత్యేక విభాగములు పెట్టుకొనుటయు మెచ్చదగినదే. అయితే స్ఫటికరూపమున మార్పు వచ్చిన మందు పాతదానికంటె నిజముగా గుణమున హెచ్చినదా యను ప్రశ్న యెదురైనప్పుడు వకీలు చెప్పినది వినుటయేగాని, స్వయముగా వేయి దరఖాస్తులను పరీక్షించిన యనుభవముతో ఎదురుప్రశ్న వేయగల వాడొకడు పీఠముపై నుండు ఏర్పాటు లేదు. పేటెంటు చట్టములోని 115వ సెక్షను క్రింద న్యాయస్థానము శాస్త్రసలహాదారుని నియమించుకొనవచ్చును. కాని సలహాదారుడు సలహాదారుడే, తీర్పులో ఆతనికి భాగము లేదు. ఇది దూరదేశపు చర్చ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల దరఖాస్తులు చెన్నై కార్యాలయము పరిధిలోనివి. ఔషధపరిశ్రమకు పేరొందిన హైదరాబాదులో ఈ తీర్పుల కొరకు ఎదురుచూచు ప్రయోగశాల లెన్ని గలవో లెక్కింప నక్కరలేదు.

రాజ్యాంగము ఈ త్రోవను మూయలేదు. హైకోర్టు న్యాయమూర్తికి పదేండ్ల న్యాయాధికారిపదవి గాని న్యాయవాదవృత్తి గాని యుండవలెనని 217వ అధికరణము చెప్పుచునే, న్యాయవాదిగా చేరిన పిమ్మట న్యాయశాస్త్రమున విశేషజ్ఞానము కావలసిన ప్రభుత్వోద్యోగము చేసిన కాలమును ఆ పదేండ్లలో కలుపుకొనవచ్చుననుచున్నది. న్యాయవాదులై యుండి పేటెంటు కార్యాలయములో కంట్రోలర్లుగా ఏండ్లు గడపినవారి పేర్లను కొలీజియములు ఇకనైన పరిశీలింపవలెను. అట్టివారు కార్యాలయములో తాము చేయిపెట్టిన దరఖాస్తులపై పీఠమున కూర్చుండకుండునట్లు జర్మనీ చట్టమందలి నిషేధము వంటి దొకటి మన పేటెంటు చట్టములో పార్లమెంటు చేర్చవలెను.