కొంగల సత్రంలో కాకిలెక్కలు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రకృతిని కాపాడతామని బయలుదేరిన సంఘాలకు ఈ మాట బాగా అతుకుతుంది. పొగ పెంచకండని లోకానికి బోధించేవారు, తమ పొగ ఎంతో ఎప్పుడైనా లెక్క తీశారా?

కొందరు తీశారు. ఇంగ్లండులో 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. పాత భవనాలు, తోటలు, సముద్రతీరాలు కాపాడటం దాని పని. నూట పాతికేళ్లు నిండిన సందర్భాన, 2020లో, అది ఒక మాట ఇచ్చింది. 2030 నాటికి తమ పొగ పద్దు నికరంగా సున్న చేస్తామనీ, రెండు కోట్ల చెట్లు పెంచుతామనీ. అంటే గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువును వీలైనంత తగ్గించి, మిగిలినదాన్ని చెట్ల చేత, నేల చేత పీల్పించటమన్నమాట. మన దేశం ఇలాంటి మాటే 2021లో ఇచ్చింది, గడువు 2070.

దీనికీ మా దొరవారిసత్రానికీ ఏమిటి సంబంధమంటారా? ఊరి పేరులోనే సత్రముంది. పక్కనున్న నేలపట్టు చెరువు కొంగల సత్రం. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేసింది. ఈశాన్య ఋతుపవనం వచ్చి చెరువు నిండితే, నీళ్లలో నిలిచిన కడపచెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కాపురాలు పెడతాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పొలాలకు బలమని రైతుల మాట. ఒక్క ఏడు వాన తప్పిందని వాతావరణం మారిందనలేం. కాని వానలు వరస తప్పితే ముందుగా తెలిసేది ఈ చెరువుకే. నష్టం కొంగలకూ రైతుకూ కూడా.

మా విద్యార్థుల చేత ఒక లెక్క చేయించాను. కొంగలను చూడటానికి చెన్నై నుంచి కారు వచ్చింది. పోనూ రానూ సుమారు 200 కిలోమీటర్లు. లీటరుకు 15 చొప్పున 13 లీటర్ల పైచిలుకు పెట్రోలు. లీటరు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు. వెరసి 30 కిలోలు.

"లీటరు పెట్రోలు కిలో అయినా తూగదు గదా సార్! రెండు కిలోల పైన ఎట్లా వస్తుంది?" అని ఒక అమ్మాయి నిలదీసింది. మంచి ప్రశ్న. కాలేటప్పుడు గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలుస్తుంది. బరువు పెరిగేది అక్కడ.

అలాంటి కారులో వచ్చి, ఒక మొక్క నాటి, ఫోటో తీయించుకుని, సరికి సరి అనుకునేవారున్నారు. మొక్క చెట్టు కావటానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మేక మేయకూడదు, ఎండ మాడ్చకూడదు. పొగ మాత్రం ఈ పూటే లేచింది. పుట్టబోయే కొడుకు సంపాదన చూపించి నేటి అప్పు కొట్టేయమన్నట్టుంది. కాకిలెక్కలంటే ఇవే.

అందుకే నా మనవి. ఏ సంఘమైనా ముందు "తగ్గించినది" పద్దు చూపాలి, తరవాతనే "నాటినది". ప్రయాణాలు, ఆఫీసు కరెంటు, జనరేటరు డీజిలు, అన్నీ ఏటేటా రాసి నలుగురి ముందు చదవాలి. దొరవారిసత్రంలో రైలు స్టేషనుంది; రైలులో వస్తే తలకు పడే పొగ కారులో కన్న చాలా తక్కువ. ఆ పద్దు అక్కడ మొదలుపెట్టవచ్చు.

సత్రంలో దిగినవారు ఊడ్చి వెళ్లటం మర్యాద. కొంగలు ఊడ్వకపోయినా, అవి వదిలింది పొలానికి ఎరువవుతుంది. మన పొగ ఎవరు ఊడ్వాలి?