పెట్టకు పెట్టనిదే గ్రుడ్డు లేదు

కుక్కుటాండత్వక్ భస్మము చేయుటకై నేను ఏటేటా కోడిగ్రుడ్డు పెంకులు సేకరించుచుందును. లోపలి పొర ఒలిచి, ఉప్పునీట నానబెట్టి కడిగి, పులిచింతాకు రసముతో నూరి పుటము వేయుదుము. ముప్పది యేండ్లుగా ఈ పని చేయుచున్న వానికి పెంకు గట్టిదో పేలవమైనదో వ్రేళ్ళ నడుమనే తెలిసిపోవును. ఇటీవల పల్లెల నుండి నాకు వచ్చుచున్న పెంకులలో కాగితమువలె నలిగిపోవునవి ఎక్కువైనవి. పెరటికోడి గ్రుడ్డు బలమని రోగులకు చెప్పుచున్న నాకు ఇది ఆలోచింపదగిన విషయమైనది.

గత వేసవిలో ఒక రైతు ఇల్లాలు మోకాళ్ళ నొప్పులకు మందు తీసికొని, వెళ్ళబోవుచు ఆగి, “అయ్యగారూ, మా పెట్టలు రెండు కాళ్ళు మడిచి కూలబడుతున్నాయండి. పెడితే తోలుగుడ్డే. వాటిక్కూడా ఏదైనా కషాయం చెప్పండి” అని అడిగినది. ఏమి మేత వేయుచున్నావమ్మా అంటిని. “నూకలండి. మిగతాది అవే ఏరుకు తింటాయి గదా” అన్నది.

ఆ మాట ఒకనాడు నిజమే. చరకుడు కోడిని విష్కిర వర్గములో చేర్చినాడు. కాళ్ళతో చిమ్మి, ఏరుకొని తినునవి విష్కిరములు. అయితే చిమ్ముటకు నేల, ఏరుకొనుటకు వస్తువు ఉండవలెను గదా! నాడు ప్రతి ఇంట పెంటకుప్ప, పశువుల కొట్టము, గడ్డివాము ఉండెడివి. కళ్ళములో రాలిన గింజ, కుప్పలోని పురుగు, గట్టు మీది పచ్చిక కోడివే. మా అమ్మమ్మ పాతకుండలో పేడయు తడిగడ్డియు కూరి నేలపై బోర్లించి, చెదలు పట్టిన పిమ్మట కోడిపిల్లల ముందు దులిపెడిది. నేడు వాకిలి సిమెంటు. వరి కోతయు నూర్పిడియు యంత్రము పొలములోనే ముగించుచున్నది. పైగా పెంచుచున్నవి అన్నియు నాటివి కావు. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టుచుండగా, గ్రామప్రియ వంటి మెరుగుజాతి అంతకు రెండు మూడింతలు పెట్టును. రాబడి పెరిగినది, ఏరుకొను చోటు తరిగినది. ఈ లెక్క ఎట్లు కుదురును?

ఒక్క గ్రుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియము ఉండును. 100 గ్రాముల నూకలలో అందు ఇరువదవ వంతు కూడ లేదు. ధాన్యములలో మేటియైన రాగులలో సైతము గ్రాములో మూడవ వంతు మాత్రమే. మేతలో లేనిదానిని పెట్ట తన ఎముకల నుండి తీసి పెంకునకు పోయును. ఆ నిలువ తరిగినకొలది పెంకు పలుచనగును, తుదకు కాళ్ళు కూలబడును. ఆ ఇల్లాలి కోళ్ళు మనము తిన్న గ్రుడ్లకు తమ ఎముకలతో వెల చెల్లించినవి.

కావున నా అభిప్రాయము ఇది: పెట్టకు ముందు ఆహారము, ఆ తరువాతనే ఔషధము. జొన్నలు, సజ్జలు, నూకలలో దొరికినవి కలిపి 6 పాళ్ళు, తాజా తవుడు 2 పాళ్ళు, తెలగపిండి 2 పాళ్ళు చేర్చిన మేత మంచిది. తిరిగి మేయు కోడికి నేలలో దొరకుదానిని బట్టి రోజుకు 30 నుండి 50 గ్రాములు వేయవచ్చును; మూసి ఉంచిన పెట్టకు 100 గ్రాములకు పైగా కావలెను. మునగాకు, తోటకూర కట్టగా కట్టి వ్రేలాడదీసిన పొడుచుకొని తినును. పచ్చసొనకు రంగు వచ్చును. నత్తగుల్లలు, ఆల్చిప్పలు నలుగగొట్టి వేరొక చిప్పలో ఉంచవలెను. శంబూక భస్మము, శుక్తి భస్మము మేము చేయునది వీనితోనే. పెట్టకు భస్మము అక్కరలేదు, పలుకులే చాలును. పెంకు ఎక్కువగా రాత్రివేళ ఏర్పడును గనుక సాయంకాలము ఈ చిప్ప తప్పక నిండి ఉండవలెను. వంటింటి గ్రుడ్డుపెంకులను ఉడికించి, ఆరబెట్టి, చితుకగొట్టి వేయవచ్చును. ఖర్చు ఎక్కువ గదా అనువారికి ఇదే నా సమాధానము: పారవేయు వస్తువునకు వెల యేమున్నది?

కొన్ని హెచ్చరికలు. తాంబూలపు సున్నము పెట్టరాదు. నోరు, ప్రేగులు కాలును. గ్రుడ్డు పెట్టని పిల్లలకు గుల్ల మేత ఎక్కువైన మూత్రపిండములు చెడును. ఉప్పుచేప విషతుల్యము. బూజు పట్టిన వేరుసెనగ పిండిని కోడికే గదా అని వేయకుడు. 1960లో ఇంగ్లండులో అట్టి పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినవి. అఫ్లాటాక్సిన్ అను విషము అప్పుడే బయటపడినది.

తుదకు నా వైద్యసోదరులకొక మాట. పూర్వము మా పెరటి కోళ్ళకు కొక్కెర తెగులు సోకకుండ పసుపు, వెల్లుల్లి చాలునని నమ్మి నేను టీకా వేయింపనైతిని. ఒక్క వారములో గంప ఖాళీ అయినది. నేను నమ్మిన శాస్త్రము తప్పనను. దాని హద్దును గుర్తింపని తప్పు నాది. టీకా చేయు పని కషాయము చేయదు, మేత చేయు పనిని ఏ టానిక్కును చేయదు.

ఆ ఇల్లాలికి నేను కషాయము చెప్పలేదు, గుల్లలు చెప్పితిని. ఒక పెట్ట లేచి తిరిగినది. రెండవది అప్పటికే ఆలస్యమై దక్కలేదు. మొన్న ఆమె తెచ్చిన పెంకులు నా వ్రేళ్ళ నడుమ ఫెళ్ళున విరిగినవి. నిదాన పరివర్జనమే తొలి చికిత్స అని గురువులు మాకు నేర్పినది మనుష్యులకు మాత్రమే కాదని ఆ చప్పుడు నాకు గుర్తుచేసినది.