లోపలి టైరు

మదనపల్లె అనగానే సాహిత్యాభిమానులకు గుర్తుకు వచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి కళాశాలలో విడిది చేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించడం, 1895లో జిడ్డు కృష్ణమూర్తి ఇక్కడ జన్మించడం, ఋషివ్యాలీ బడి, హార్స్‌లీ కొండలు. వీటిలో దేని గురించి రాసినా ఈ టపాకు కాస్త మర్యాద దక్కేది. నేను రాయబోయేది మాత్రం లారీ వెనుక చక్రాల్లోని గాలి గురించి. ఇదేమి సాహిత్యమని మిత్రులు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. అయినా చాలా కాలంగా మనసులో నలుగుతున్న సంగతి, చెప్పుకోక తప్పదు.

ఆరు చక్రాల లారీకి ముందు రెండు టైర్లు, వెనుక నాలుగు. ఆ నాలుగూ పక్కకు రెండేసి చొప్పున జంటలుగా ఉంటాయి. బస్సుకూ అంతే. జంటలో బయటి టైరు దారిన పోయే వాడికి కూడా కనబడుతుంది. లోపలిది చూడాలంటే వంగాలి, అవసరమైతే లారీ కిందికి దూరాలి. దాని గాలి పుల్ల బయటి చక్రంలోని కంత గుండా చెయ్యి పెడితే గాని అందదు. బ్రేకు డ్రమ్ము ఆ పక్కనే ఉంటుంది కనుక అప్పుడే ఆగిన బండి అయితే చెయ్యి కాలుతుంది. అందుచేత బయటి టైరుకు గాలి కొట్టించడం, లోపలి దానిని ఇనుప కడ్డీతో ఒక దెబ్బ వేసి శబ్దం విని 'బాగానే ఉండాది' అనుకోవడం మన రోడ్ల మీద ఆనవాయితీగా స్థిరపడింది.

ఆ ఆనవాయితీ ఎంత ఖరీదైనదో నాకు 2009 వేసవిలో తెలిసివచ్చింది.

మా మేనమామ ముప్పయ్యేళ్ళు లారీ నడిపిన మనిషి. ఆ ఏడు నేను సెలవులకు ఊరికి వచ్చి, సరదా కొద్దీ ఆయన పక్కన కూర్చుని బయలుదేరాను. మదనపల్లె మండీలో టమోటా క్రేట్లు ఎక్కించి, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరి, అక్కడి నుంచి సేలం వెళ్ళాలి. అనంతపురం నుంచి కృష్ణగిరి దాకా సాగే ఈ దారినే ఇప్పుడు 42వ జాతీయ రహదారి అంటున్నారు. సాయంకాలం బయలుదేరాము. పలమనేరు దాటి అడవి అంచున పోతూ ఉండగా వెనుక ఎడమవైపు బయటి టైరు తుపాకీ పేలినట్లు పేలింది. ఆ ప్రాంతంలో ఏనుగులు తిరుగుతాయని ఆ దారిన పోయే వారందరికీ తెలుసు. మామ దిగి, చేతిదీపం వెలుగులో పేలిన టైరు కేసి ఒక్క క్షణం చూసి, దాని వెనుక ఉన్న దాని మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. అది సలసల కాగుతున్నది. సగం గాలి కూడా లేదు. అంచు గోడ రాసుకుని నల్లటి పొడి రాలుతున్నది.

"పేలింది ఇది. పేల్చింది అది, అల్లుడా" అన్నారు.

"మండీలో కడ్డీతో కొట్టి చూసినావు కదా మామా?"

"కొట్టినాను. టంగుమనింది. ఆ శబ్దాన్ని నమ్మే కదా ముప్పయ్యేండ్లు తిరిగినాను!"

ఉన్నది ఒక్క స్టెప్నీ, పాడైనవి రెండు టైర్లు. వి.కోట నుంచి మనిషిని పిలిపించి పని పూర్తిచేసేసరికి తెల్లవారింది. సేలం చేరేటప్పటికి వేలం ముగిసింది. లారీ యజమాని ఆ టైరు ఖరీదును వాయిదాల మీద మామ జీతంలో కోసుకున్నాడు. టైరు పేలితే డ్రైవరు తప్పే అన్నది అక్కడి అలిఖిత శాసనం. మామ ఎదురు చెప్పలేదు. నాకు మాత్రం ఆ లెక్క ఈనాటికీ మింగుడు పడలేదు.

అసలు ఆ రాత్రి జరిగినది ఏమిటి? కొద్దిగా లెక్క వేసి చూద్దాము. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు, నాలుగు టైర్లు గల ఒక ఇరుసుకు 10.2 టన్నుల స్థానంలో 11.5 టన్నులు అనుమతించింది. అంటే ఒక్కొక్క టైరు మీద 2,875 కిలోలు. ఈ తరగతి టైరు మోయగలిగే బరువు మూడు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. జంటలో లోపలిది మెత్తబడితే దాని వంతు బరువు బయటి దాని మీద పడుతుంది. లోపలిది పూర్తిగా చచ్చిపోతే బయటిది ఒక్కటే 5,750 కిలోలు మోయాలి. టైరు గోడ మీద ముద్రించిన అక్షరాలను ఎప్పుడైనా చదవండి. ఒంటరిగా అయితే ఇంత, జంటలో అయితే ఇంత అని రెండు బరువులు కనబడతాయి. జంటలో ఉన్నప్పటి అంకె తక్కువగా ఉంటుంది. రెండు టైర్లు ఎన్నడూ సరిసమానంగా బరువు పంచుకోవని తయారుచేసిన వారికి ముందే తెలుసునన్నమాట!

మరొక చిక్కు ఉన్నది. జంట టైర్లు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక ఎన్ని చుట్లు తిరిగినా కలిసే తిరగాలి. ఒక దాని అర్ధవ్యాసం అర మీటరు అనుకుందాము. రెండవది అరుగుదల వల్లనో గాలి తక్కువ కావడం వల్లనో అయిదు మిల్లీమీటర్లు చిన్నదైతే, తేడా నూటికి ఒక వంతు. కిలోమీటరుకు పది మీటర్లు. మదనపల్లె నుంచి కుప్పానికి నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అంటే ఆ ఊరు చేరేలోగా దాదాపు కిలోమీటరు తేడాను ఆ రెండు టైర్లూ రోడ్డును గీరుకుంటూ సరిపెట్టుకోవాలి. మా ప్రాంతపు పోలికలో చెప్పాలంటే, ఒంగోలు గిత్తనూ పుంగనూరు గిత్తనూ ఒకే కాడికి కట్టి దున్నించడమే. పొట్టిదాని మెడ లాగుతుంది, పొడుగుదాని మూపు ఒరుస్తుంది, చాలు వంకర పోతుంది. కొత్త టైరు పక్కన అరిగిన టైరు వేసే యజమానులు ఈ కాడిని ఒక్కసారి ఊహించుకోవాలి.

పైగా మన రోడ్లు వాన నీరు పక్కలకు జారేందుకు నడుమ ఎత్తుగా ఉంటాయి. ఆ ఎత్తు భారం ఎక్కువగా పడేది లోపలి టైర్ల మీదనే. బ్రేకు వేడి తగిలేదీ వాటికే. అందరి కంటే ఎక్కువ కష్టపడే దానికి అందరి కంటే తక్కువ ఆదరణ!

ఇక కడ్డీ పరీక్ష సంగతి. పూర్తిగా గాలి పోయిన టైరు దబ్బుమంటుంది. నిండుగా ఉన్నది టంగుమంటుంది. చచ్చినదానిని బతికినదాని నుంచి వేరు చేయడానికి ఈ విద్య చాలు. కాని నూట పది పౌండ్లు ఉండవలసిన చోట ఎనభై అయిదు ఉంటే చెవి పసిగట్టలేదు. ప్రమాదమంతా ఆ మధ్య మెట్టులోనే ఉన్నది. ఉండవలసిన దానిలో అయిదవ వంతు తగ్గిన టైరును గాలి పోయిన టైరుగానే లెక్కించి, విప్పి పరీక్షించాలన్నది ఈ వృత్తిలో తెలిసినవారు పాటించే సూత్రం. మెత్తగా చాలా దూరం నడిచిన టైరులో, ముఖ్యంగా రేడియల్ టైరు గోడలో, ఉక్కు తీగలు లోలోపల తెగిపోయి ఉంటాయి. దానికి మళ్ళీ గాలి కొట్టేటప్పుడు గోడ నిలువునా చీలి పేలవచ్చు. అప్పుడు దాని ముందు కూర్చుని ఉండేది యజమాని కాదు, పంక్చరు కొట్టులో పనిచేసే కుర్రవాడు. అలాంటి టైరును ఇనుప బోనులో పెట్టి, దూరం నుంచి గాలి ఎక్కించాలి. మన రహదారుల పక్కన ఆ బోను ఎన్ని కొట్లలో కనబడుతుందో మీరే చూడండి.

గాలి కొలిచే వేళకు కూడా ఒక పద్ధతి ఉన్నది. బండి కొన్ని గంటలు నిలబడి, టైర్లు చల్లారిన తరువాతే కొలవాలి. నడిచి వచ్చిన టైరులో వేడికి అంకె పెరిగి కనబడుతుంది. అది చూసి గాలి వదిలేస్తే చల్లారాక తక్కువవుతుంది. చలికాలంలో మదనపల్లె తెల్లవారుజామున పదిహేను డిగ్రీలు ఉండగా, ఎండవేళ కోస్తాలో నలభై డిగ్రీల వద్ద సరిచూసుకున్న నూట పది పౌండ్లు ఇక్కడ నూరుకు దిగుతాయి. ఎక్కడా కంత లేదు, ఎవరూ దొంగిలించలేదు. కుప్పం వైపు రాతి క్వారీల బండ్లయితే జంట నడుమ ఇరుక్కున్న రాళ్ళను కూడా చూసుకోవాలి. అవి రెండు టైర్ల గోడలనూ కోస్తాయి. ఊడివస్తే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ముఖానికి తగులుతాయి.

ఇదంతా మన దేశపు వెనుకబాటుతనమని అనుకునేవారి కోసం ఒక ముచ్చట. అమెరికాలో ఉన్న మన తెలుగు మిత్రులు సెలవులకు ఇల్లు లాంటి పెద్ద బండ్లను అద్దెకు తీసుకుని కుటుంబ సమేతంగా తిరుగుతుంటారు. మంచాలు, వంటగది, స్నానాల గది అన్నీ అందులోనే. వాటిలో చాలా వాటికి వెనుక ఇలాంటి జంట చక్రాలే. నెలల తరబడి కదలకుండా నిలబడి, హఠాత్తుగా వేల మైళ్ళకు బయలుదేరే బండ్లు కనుక గాలి తక్కువయ్యే అవకాశం ఇంకా ఎక్కువ. ఆ దేశంలో 2000లో వచ్చిన చట్టం ఫలితంగా, టైరులో గాలి తగ్గితే ముందున్న పలకలో దీపం వెలిగే ఏర్పాటు కొత్త కార్లకు తప్పనిసరి అయింది. ఆ నిబంధన 4,536 కిలోల లోపు బండ్లకే వర్తిస్తుంది. ఆ లోపు బండ్లలో కూడా ఒక మినహాయింపు ఉన్నది: ఇరుసుకు జంట చక్రాలు ఉంటే వర్తించదు! చదివి నవ్వుకున్నాను. లోపలి టైరు అక్కడి చట్టానికి కూడా కనబడలేదు. ఐరోపా సమాఖ్య మాత్రం 2024 జూలై నుంచి కొత్త లారీలకూ బస్సులకూ ఈ ఏర్పాటును తప్పనిసరి చేసింది. అంటే ఇది సాధ్యం కాని పనేమీ కాదు.

మన దగ్గర ఆ రోజు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కరలేదు. మండీలో సరుకు ఎక్కేటప్పుడు లారీ గంటల తరబడి నిలబడే ఉంటుంది. టైర్లు చల్లారే ఉంటాయి. కొలవడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. మార్కెట్టు యార్డులో తూకానికి తనిఖీ చేసిన కాటా పెట్టినట్లే, తనిఖీ చేసిన గాలి కొలమానం, గాలి యంత్రం ఒక్కొక్కటి పెట్టాలి. లోపలి పుల్లకు పొడుగు గొట్టం తగిలిస్తే చెయ్యి కాలకుండానే గాలి చూడవచ్చు. సరుకు చీటీ మీద క్రేట్ల లెక్క రాస్తున్నారు కదా, దాని కింద ఆరు టైర్లకు ఆరు అంకెలు కూడా రాయించాలి. యజమాని, డ్రైవరు ఇద్దరూ సంతకం చెయ్యాలి. 2023 జూలైలో టమోటా కిలో నూరు రూపాయలు దాటిన రోజుల్లో ఒక్క క్రేటు తక్కువైతే ఊరుకునేవారు కారు. ఆ క్రేట్లన్నిటినీ మోసే గాలికి ఒక వరుస రాత దక్కకూడదా?

ఇది డ్రైవరు చూసుకోవలసిన పని అని యజమానులు అంటారు. ఒకప్పుడు బండికి క్లీనరు ఉండేవాడు. టైర్ల చుట్టూ తిరిగి చూడటమే అతని పని. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బండ్లలో క్లీనరును తీసివేశారు. సరుకు ఎక్కే ఆ నాలుగు గంటలే డ్రైవరుకు నిద్ర. ఆ నిద్ర కూడా మాని లారీ కిందికి దూరమంటే, కునికిపాట్లు పడుతూ నడిపే బండి పేలిన టైరు కంటే ప్రమాదం. పని చేయించుకోదలచినవారు దానికి వేళ ఇవ్వాలి, కూలి ఇవ్వాలి. కొలిచే సాధనం ఇవ్వకుండా తప్పు జరిగాక జీతం కోసుకోవడం న్యాయం కాదు. సొంత బండి సొంతంగా నడుపుకునేవారిలో చాలామంది లోపలి టైరుకు తప్పకుండా గాలి చూసుకుంటారు. పేలితే ఎవరి సొమ్ము పోతుందో వారికి తెలుసు. బాధ్యత, నష్టం ఒకే చోట ఉంటే జాగ్రత్త దానంతట అదే వస్తుందని దీనివల్ల నాకు అర్థమైంది.

మామ ఇప్పుడు లారీ నడపడం లేదు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు పుంగనూరులో బస్సు కోసం ఇద్దరమూ నిలబడ్డాము. బస్సు వచ్చి ఆగింది. జనం ముందు తలుపు కేసి తోసుకుంటున్నారు. మామ మాత్రం వెనుక చక్రం దగ్గరకు పోయి, నడుము పట్టుకుని వంగి, లోపలికి తొంగి చూశారు.

"ఏం మామా, ఎట్లుండాది?" అన్నాను.

"చూస్తే ఏం తెలుస్తుంది అల్లుడా, కొలవల్ల గానీ" అంటూ బస్సెక్కారు.